13 మ్యాచ్‌లు ఆడిన కుర్రాణ్ణి మొదటి వారమే దింపడం తప్పా?

కార్మెల్_కాపురం:
ఇండియానాపోలిస్ పక్కనే ఉంటున్న పాపానికి ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ కోల్ట్స్ బాధలన్నీ నెత్తిన వేసుకున్నవాణ్ణి, ముందే చెప్పేస్తున్నా. నిన్న మా ఇంట్లో భోజనాల దగ్గర మళ్ళీ ఆంథొనీ రిచర్డ్‌సన్ అనే క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) గొడవ లేచింది. ఒక ఫ్రెండ్ ఏమన్నాడంటే, "వాణ్ణి మొదటి రోజే ఆటలోకి దింపి పాడు చేశారు, రెండేళ్ళు బెంచ్ మీద ఉంచితే ఈపాటికి ఎక్కడో ఉండేవాడు" అని. ఈ మాట నాకు అస్సలు మింగుడుపడదు.

ఫాలో అవనివాళ్ళకి రెండు ముక్కలు. ఫ్లోరిడా యూనివర్సిటీలో మొత్తం 13 మ్యాచ్‌లే స్టార్టర్‌గా ఆడాడు. ఆఖరి సీజన్‌లో విసిరిన పాసుల్లో మనవాళ్ళ చేతికి చేరినవి నూటికి 54 కూడా లేవు. అయినా 2023 డ్రాఫ్ట్‌లో (ఎన్ఎఫ్ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్ టీములు కాలేజీ కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునేది) కోల్ట్స్ వాళ్ళు నాలుగో నంబర్‌కే తీసుకున్నారు. ఎందుకంటే ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, 244 పౌండ్లు, అంత ఒళ్ళు పెట్టుకుని 40 గజాలు 4.43 సెకన్లలో పరిగెత్తాడు, నిలబడ్డ చోటు నుంచి 40.5 అంగుళాలు ఎగిరాడు. కంబైన్‌లో (డ్రాఫ్ట్ ముందు పెట్టే దేహ పరీక్షల్లో) అంతకుముందు ఏ క్వార్టర్‌బ్యాకూ అంత ఎగరలేదు.

నా పాయింట్ ఒకటే. ఈ పని చూసి నేర్చుకునేది కాదు. బంతి చేతికొచ్చాక రెండున్నర, మూడు సెకన్లు. ఆ లోపల డిఫెన్స్ వాళ్ళు స్నాప్ (బంతి క్వార్టర్‌బ్యాక్‌కి అందించడం) ముందు చూపించింది నిజమా నాటకమా తేల్చుకోవాలి, మొదటి రిసీవర్ (పాస్ పట్టుకునేవాడు) కుదరకపోతే రెండో వాడి వైపు తల తిప్పాలి, మీద పడే 300 పౌండ్ల మనిషిని చూడకుండానే పసిగట్టాలి. గట్టున కూర్చుంటే ఈత రాదు. ఏమంటారు?

బెంచ్_బాబాయ్:
గట్టున కూర్చుంటే రాదు సరే, వరద గోదాట్లోకి తోసేస్తే వస్తుందా? స్టార్ క్వార్టర్‌బ్యాక్ రాడ్జర్స్‌ని గ్రీన్ బే 2005లో తీసుకుని మూడేళ్ళు సీనియర్ ఫావ్ర్ వెనక కూర్చోబెట్టారు. జోర్డన్ లవ్‌ని కూడా అక్కడే అదే మూడేళ్ళు. అంత పెద్ద స్టార్ మహోమ్స్ కూడా మొదటి ఏడాదంతా అలెక్స్ స్మిత్ వెనకే, ఆఖరి వారం ఒక్క మ్యాచ్ ఇచ్చారు. మీ రిచర్డ్‌సన్‌కి ఏమైంది? రెండో మ్యాచ్‌లో హ్యూస్టన్‌లో తలకి దెబ్బ, అయిదో వారంలో టెనెస్సీ మీద భుజం పోయింది, ఆపరేషన్, సీజన్ ఖతం. నాలుగు స్టార్ట్‌లు. ఎప్పుడు పరిగెత్తాలో ఎప్పుడు జారి కింద కూర్చోవాలో తెలియనివాడిని దింపితే అంతే మరి.

కార్మెల్_కాపురం:
బాబాయ్, మహోమ్స్ పేరు ఎవరో ఒకరు తెస్తారని తెలుసు. మహోమ్స్ టెక్సస్ టెక్‌లో 29 మ్యాచ్‌లు స్టార్ట్ చేసి వచ్చాడు. అతను బెంచ్ మీద కూర్చున్నది మెరుగు పెట్టుకోవడానికి, అక్షరాలు దిద్దుకోవడానికి కాదు. ఇంకోటి, 2005 నాటి బెంచ్ వేరు, ఇప్పటి బెంచ్ వేరు. 2011లో లీగ్‌కీ ఆటగాళ్ళ సంఘానికీ కుదిరిన ఒప్పందం తర్వాత రోజుకి రెండుసార్లు ప్రాక్టీసులు పోయాయి, సీజన్ మొత్తం మీద ప్యాడ్‌లు కట్టుకుని చేసే ప్రాక్టీసులు 14. ఉన్న ఆ కాసేపట్లో రెప్స్ (ప్లేలు ఆడిచూసే వంతులు) దాదాపు అన్నీ స్టార్టర్‌కే పోతాయి. రెండో వాడు ఏం చేస్తాడో తెలుసా? స్కౌట్ టీమ్‌లో నిలబడి, కోచ్ పట్టుకున్న కార్డు మీద గీసిన అవతలి టీమ్ ప్లే చూసి అదే వేస్తాడు, మన డిఫెన్స్‌కి ప్రాక్టీస్ కోసం. అంటే వారమంతా వేరేవాళ్ళ ప్లేబుక్ (ఎత్తుగడల పుస్తకం) ఆడుతుంటాడు. ఇందులో ఏం నేర్చుకుంటాడు చెప్పండి.

అట్టాకాదబ్బాయ్:
ఇద్దరూ ఒకే వైపు నుంచి మాట్లాడుతున్నారు, కూర్చోబెడితే వస్తాడా, ఆడిస్తే వస్తాడా అని. అసలు వచ్చే సరుకేనా అని ఎవరూ అడగట్లేదు. కాలేజీలో తక్కువ ఆడి పైన ఎంపికైన వాళ్ళని తలుచుకోండి. ట్రుబిస్కీ 13 స్టార్ట్‌లు, 2017లో షికాగో రెండో నంబర్‌కి తీసుకుంది, అదే డ్రాఫ్ట్‌లో మహోమ్స్ పదో నంబర్‌కి పోయాడు. మార్క్ శాంచెజ్ 16 స్టార్ట్‌లు, 2009లో అయిదో నంబర్. ట్రే లాన్స్ 17.

ఈ లాన్స్ కథ బాబాయ్ ప్రత్యేకంగా చదవాలి. శాన్ ఫ్రాన్సిస్కో వాళ్ళు డ్రాఫ్ట్ వరసలో 12 నుంచి 3కి ఎక్కడానికి మూడు ఫస్ట్ రౌండ్ పిక్‌లు (మొదటి రౌండ్‌లో ఎంచుకునే వంతులు) మయామీకి ధారపోశారు. కుర్రాడు కాలేజీ మొత్తంలో విసిరినవి 318 పాసులు. కోవిడ్ వల్ల 2020లో ఒక్కటంటే ఒక్క మ్యాచ్. మీరు చెప్పినట్టే చేశారు కూడా, 2021 అంతా గరాపొలో వెనక కూర్చోబెట్టారు, రెండే స్టార్ట్‌లు ఇచ్చారు. 2022లో చేతికి అప్పజెప్పారు, రెండో మ్యాచ్‌లో చీలమండ విరిగింది. 2023 ఆగస్టుకల్లా ఒక నాలుగో రౌండ్ పిక్‌కి డాలస్‌కి ఇచ్చేశారు. ఆ సీట్లో వచ్చి కూర్చుందెవరు? 2022 డ్రాఫ్ట్‌లో 262వ నంబర్, అంటే అట్టడుగున ఎంపికైన బ్రాక్ పర్డీ. వాడికేమీ లాన్స్ ఒడ్డూ పొడుగూ లేదు. అయోవా స్టేట్‌లో నాలుగేళ్ళు దంచి వచ్చాడు, అంతే తేడా.

పాకెట్_పద్మ:
లాన్స్ ఉదాహరణ బాగుంది గానీ క్యామ్ న్యూటన్‌ని వదిలేశారేం? ఆబర్న్‌లో 14 స్టార్ట్‌లే కదా. 2011లో మొదటి నంబర్, మొదటి ఏడాదే 4,051 గజాలు, 2015లో ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడు).

అట్టాకాదబ్బాయ్:
పద్మ గారూ, న్యూటన్ ఆబర్న్‌కి ముందు బ్లిన్ అనే జూనియర్ కాలేజీలో ఒక సీజన్ ఆడి అక్కడ నేషనల్ టైటిల్ కొట్టాడు. ఆ మ్యాచ్‌లు ఎవరూ లెక్కలో వేయరు. అయినా ఒప్పుకుంటా, న్యూటన్ నా లిస్టుకి అడ్డమే.

పాకెట్_పద్మ:
నా గొడవ అసలు మ్యాచ్‌ల లెక్క మీద కాదు. 2024 మొదటి వారం హ్యూస్టన్ మీద లూకస్ ఆయిల్ స్టేడియంలో నేను పై అంతస్తులో కూర్చున్నా, మా ఆయన ఆఫీసులో ఎవరో టికెట్లు ఇస్తే. రిచర్డ్‌సన్ వెనక్కి వెనక్కి వెళ్తూ, వెనక కాలి మీద బరువు పెట్టి ఒకటి విసిరాడు. బంతి గాల్లో 60 గజాలు దాటి వెళ్ళింది, కింద ఆలెక్ పియర్స్ పట్టుకుని టచ్‌డౌన్ (అవతలివాళ్ళ గోల్ గీత దాటించి కొట్టే స్కోరు). పై నుంచి చూస్తే బంతి మా కళ్ళకి ఎదురుగా వచ్చి కిందికి దిగినట్టుంది, పక్కన కూర్చున్న తాతగారు టోపీ తీసి నెత్తి గోక్కున్నారు. ఆ మ్యాచ్‌లోనే అయిదారు గజాల దూరంలో ఖాళీగా నిలబడ్డ మనిషికి ఇవ్వాల్సిన బంతి చెయ్యి దాటిపోయింది. 19 వేస్తే 9 చేరాయి. పెద్దది వేయగలడు, చిన్నది వేయలేడు. ఆ చిన్నది అనుభవం వల్ల వస్తుందా? నా అనుమానం, రాదని. ఆ ఏడాది మొత్తం చేరిన పాసులు 47.7 శాతం, 8 టచ్‌డౌన్లు, 12 ఇంటర్సెప్షన్లు (అవతలివాళ్ళు పట్టేసినవి). ఈ రోజుల్లో 47 అంటే ఏమనాలి, ఫెయిలనే అంటారు మా బళ్ళో అయితే.

కార్మెల్_కాపురం:
పద్మ గారూ, జాష్ ఆలెన్ మీద కూడా ఇదే అన్నారు. వయోమింగ్‌లో 56 శాతం, బఫలోలో మొదటి ఏడాది 52.8, అందరూ "గురి పుట్టుకతో రావాలి, నేర్పితే రాదు" అని తేల్చేశారు. తర్వాత ఏడాది 58.8, మూడో ఏడాది 69.2! 2024లో ఎంవీపీ. గురి అంటే చెయ్యి ఒక్కటే కాదండీ, కాళ్ళు. కాలు తప్పు చోట పడితే బంతి తప్పు చోటికి పోతుంది. ఎటు విసరాలో అరక్షణం ముందు తెలిస్తే కాలు సరిగ్గా పడుతుంది, ఆ అరక్షణం ఆడితేనే వస్తుంది.

పాకెట్_పద్మ:
ఆలెన్ ఒక్కడు. ఆ ఒక్కణ్ణి చూపించి ఎంతమందిని ఇలా ఎత్తుకుంటారు ఈ జనరల్ మేనేజర్లు? పైగా ఆలెన్‌కి నాలుగేళ్ళు ఒకే కోఆర్డినేటర్ (బంతి చేతిలో ఉన్నప్పటి ఆట చూసుకునే కోచ్) డేబోల్, మూడో ఏడాదికి రిసీవర్ స్టెఫాన్ డిగ్స్‌ని తెచ్చిచ్చారు, మధ్యలో పీకి పక్కన పడేయలేదు. రిచర్డ్‌సన్‌కి అదెక్కడ?

కార్మెల్_కాపురం:
అదేనండీ నేను చెప్పేది కూడా!

నాలుగో_డౌన్_నాని:
ఎవరూ ఆ "అలసిపోయా" మ్యాచ్ గురించి ఎత్తట్లేదేంటి భయ్యా. 2024 అక్టోబర్, హ్యూస్టన్‌లో. మూడో క్వార్టర్ చివర, గోల్ ముందు మూడో డౌన్ (నాలుగు ప్రయత్నాల్లో మూడోది), క్వార్టర్‌బ్యాక్ తనంతట తనే చెయ్యి ఊపి బయటికొచ్చేశాడు. బ్యాకప్ ఫ్లాకో వచ్చి ఒక ప్లే ఆడాడు. తర్వాత అడిగితే అలసిపోయానని ఉన్నమాట చెప్పేశాడు. ఆ రోజు 32 పాసులు వేస్తే 10 చేరాయి. నేను వాడి అభిమానినే, డ్రాఫ్ట్ రోజు టీవీ ముందు గంతులేసినవాణ్ణి, కానీ అప్పుడు రిమోట్ పక్కన పెట్టి బయటికెళ్ళిపోయా. మిగతా పది మంది నీ మొహం చూసి నిలబడతారు, నువ్వే చెయ్యి ఊపితే ఎట్లా.

బెంచ్_బాబాయ్:
నాని, 22 ఏళ్ళవాడు. అప్పటికి అటూ ఇటూ పరిగెత్తి వరసగా దెబ్బలు తిన్నాడు. నాకు అందులో తప్పు కంటే తెలియనితనం ఎక్కువ కనపడింది. నాలుగేళ్ళు కాలేజీలో కెప్టెన్‌గా నలిగినవాడైతే ఎంత ఊపిరాడకపోయినా చెయ్యి మాత్రం ఊపడు, అలాంటివి ఎవరూ చెప్పరు, ఉండగా ఉండగా పడతాయి. అందుకే నేను తొందరపడొద్దన్నది.

కార్మెల్_కాపురం:
ఆ మ్యాచ్ తర్వాత కోల్ట్స్ చేసింది చూడండి. బెంచ్ చేసి 39 ఏళ్ళ ఫ్లాకోని దింపారు, రెండు మ్యాచ్‌లు, రెండూ ఓడాం. మళ్ళీ కుర్రాణ్ణే పిలిచారు, జెట్స్ మీద 28-27, గెలిపించిన టచ్‌డౌన్ వాడే పరిగెత్తి కొట్టాడు, 30కి 20. నేర్పించడానికి దింపారా? అయితే ఆరునూరైనా ఉంచండి. గెలవడానికా? అయితే మొదటి నుంచే దింపొద్దు. అత్తారింట్లో కొత్త కోడల్ని వంటింట్లోకి తోసి, రెండు రోజులు ఉప్పెక్కువైందని బయటికి పంపి, మళ్ళీ పిలిచినట్టుంది వీళ్ళ వ్యవహారం.

డ్యాలస్_డబ్బా:
మీరంతా టీముల్ని తిడుతున్నారు, అసలు కుర్రాడు అంత తొందరగా ఎందుకు రావాలి? ఇంకో ఏడాది ఫ్లోరిడాలో ఆడొచ్చుగా. 2021 నుంచి కాలేజీలో కూడా తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు, బో నిక్స్ అయిదేళ్ళు ఉండి 61 స్టార్ట్‌లు చేసి వచ్చాడు, జేడెన్ డానియల్స్ 55. ఇద్దరూ మొదటి ఏడాదే టీముని ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్ళారు.

నాలుగో_డౌన్_నాని:
నాలుగో నంబర్ అంటే దాదాపు 34 మిలియన్ గ్యారంటీ అన్నా. నువ్వు ఫైనల్ ఇయర్‌లో వచ్చిన ఆఫర్ వదిలేసి "ఇంకో ఏడాది చదువుకుంటా" అన్నావా? ఈలోగా ఒక్క మోకాలు పోతే ఆ డబ్బు ఎవరిస్తారు. నేనైతే ఆ రాత్రే సంతకం పెట్టేవాణ్ణి.

డ్యాలస్_డబ్బా:
హహ, ఆఫర్ వచ్చి ఉంటే కదా వదిలేయడానికి. సరేలే. కానీ మన నితీశ్ రెడ్డిని చూడండి, ఐపీఎల్‌లో ఒక్క సీజన్ మెరిశాడో లేదో టెస్టుల్లోకి తీసుకున్నారు, మెల్‌బోర్న్‌లో 114 కొట్టాడు. టాలెంట్ ఉంటే అనుభవం అక్కర్లేదు.

అట్టాకాదబ్బాయ్:
అట్టా కాదబ్బాయ్! నితీశ్ 2020 నుంచీ ఆంధ్రాకి రంజీ ఆడుతున్నాడు. నీకు ఐపీఎల్‌లో కనపడ్డాడు కాబట్టి అప్పుడే పుట్టాడనుకుంటున్నావు. ఫుట్‌బాల్‌లో ఆ రంజీ లేకపోవడమే అసలు సమస్య. ఒకప్పుడు ఎన్ఎఫ్ఎల్ యూరప్ అని ఉండేది, కర్ట్ వార్నర్ 1998లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆడి వచ్చి మరుసటి ఏడాదే ఎంవీపీ అయ్యాడు. 2007లో అది మూసేశారు, ఖర్చు దండగని. ఇప్పుడు 13 మ్యాచ్‌ల కుర్రాడు ఎక్కడ ఆడాలి? ఆదివారం మధ్యాహ్నం, స్టేడియం నిండా 60 వేల మంది ముందు, అక్కడే నేర్చుకోవాలి, అక్కడే తప్పులు చేయాలి.

బెంచ్_బాబాయ్:
ఇది మాత్రం ఒప్పుకుంటా. బెంచ్ అన్నాను గానీ, ఆడే చోటు ఇంకొకటి ఉంటే బెంచ్ కంటే అదే నయం.

పాకెట్_పద్మ:
మరో మాట. నేర్చుకునే చోటు టీమే కానక్కర్లేదు, టైమ్ కూడా. శామ్ డార్నాల్డ్‌ని 2018లో జెట్స్ మూడో నంబర్‌కి తీసుకుని మొదటి వారమే దింపింది, దెయ్యాలు కనపడుతున్నాయని మ్యాచ్ మధ్యలో వాడే అన్నాడు, అందరూ నవ్వారు. 2024లో మిన్నెసోటాకి 14 విజయాలు. మధ్యలో కరోలినా, శాన్ ఫ్రాన్సిస్కో తిరిగాడు. రిచర్డ్‌సన్ కూడా ఇంకో ఊళ్ళో 27, 28 ఏళ్ళకి ఆడతాడేమో. గురి విషయంలో మాత్రం నా మాట నాదే.

కార్మెల్_కాపురం:
వాడికి వేరే ఊరే దిక్కు అనిపిస్తోంది నాక్కూడా. 2025 ఆగస్టులో పోటీ పెట్టి స్టార్టర్ చోటు డానియల్ జోన్స్‌కి ఇచ్చేశారు, జోన్స్ ఆడాడు కూడా, మొదటి పదిలో ఎనిమిది గెలిచాం, నేనేం మాట్లాడను. అక్టోబర్‌లో వీడికి మ్యాచ్‌కి ముందు వార్మప్‌లో రబ్బర్ బ్యాండ్ తెగి కంటి ఎముక విరిగింది. ఇంకేం అనాలి, దిష్టి తీయించాలి అంతే.

బెంచ్_బాబాయ్:
ఆ తర్వాత కథ చెప్పవేం? డిసెంబర్‌లో జోన్స్ మడమ నరం తెగింది, మీ వాళ్ళు ఎవర్ని పిలిచారు? దాదాపు అయిదేళ్ళుగా ఇంట్లో ఉన్న ఫిలిప్ రివర్స్‌ని, 44 ఏళ్ళ మనిషిని. అనుభవమే అనుభవం, 240 స్టార్ట్‌లు.

నాలుగో_డౌన్_నాని:
మూడు ఆడాడు, మూడూ ఓడారు 😂

కార్మెల్_కాపురం:
సియాటిల్ మీద 18-16 బాబాయ్, రెండు పాయింట్లు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. ఇప్పుడు నన్ను కెలక్కండి.