నర్సరీ సైట్‌లోకి ఎక్స్‌ఎంఎల్: మొక్కల పేర్లు వచ్చాయి, కవర్ సైజుల ధరలు రాలేదు

పులంక_వెబ్:
కడియపులంక నర్సరీ ఒకదానికి వర్డ్‌ప్రెస్ సైట్ అండి. 600 మొక్కల జాబితాను బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఎక్స్‌ఎంఎల్‌గా (ట్యాగుల మధ్య డేటా ఉండే ఫైలు) తీసి, డబ్ల్యూపీ ఆల్ ఇంపోర్ట్ అనే ప్లగిన్‌తో ఎక్కించాం. పేరు, ఫొటో వచ్చాయి. కవర్ సైజు, ధర ఉండాల్సిన ఏసీఎఫ్ (అదనపు గడులు పెట్టుకునే ప్లగిన్) రిపీటర్, అంటే ఎన్ని వరుసలైనా పట్టే గడి, మాత్రం ఖాళీ. డేటాబేస్‌లో చూస్తే ధరలున్నాయి! పైగా పేరులో & గుర్తు ఉన్న ఫైలు అసలు తెరుచుకోవడం లేదు.

గట్టు_మీద:
ఇంపోర్ట్‌లో ధరల్ని మామూలు కస్టమ్ ఫీల్డ్స్ విభాగంలో మ్యాప్ చేసుంటారు. ఏసీఎఫ్ ఒక్కో ఫీల్డుకి డేటాబేస్‌లోని పోస్ట్‌మెటా పట్టికలో రెండు వరుసలు పెడుతుంది. ఒకటి విలువ. రెండోది అదే పేరుకి ముందు అండర్‌స్కోర్ తగిలించినది, అందులో ఫీల్డ్ కీ (ఆ ఫీల్డు గుర్తింపు కోడ్) ఉంటుంది. ఆ కీ లేకపోతే అది రిపీటరని ఏసీఎఫ్‌కి తెలీదు.

రిపీటర్‌కి ఇంకో లెక్కుంది. మందారానికి మూడు కవర్ సైజులుంటే అసలు ఫీల్డులో 3 అన్న అంకె ఉండాలి, కింద వరుసలు సైజులు_0_ధర, సైజులు_1_ధర, సైజులు_2_ధర అని నడవాలి. 1 నుంచి మొదలెడితే మొదటి సైజు ఖాళీ, ఆఖరిది మాయం. ఇదంతా చేత్తో రాసే పని కాదు. డబ్ల్యూపీ ఆల్ ఇంపోర్ట్ వాళ్ల ఏసీఎఫ్ యాడాన్ వేసుకుని, వేరియబుల్ రిపీటర్ మోడ్ ఎంచుకుని, ఫర్ ఈచ్ గడిలో సైజు ట్యాగ్ ఇవ్వండి.

లంక_కోడర్:
ఫైల్లో & బదులు & ఉండాలి, లేదా ఆ పేరును సీడేటాలో (లోపలిది ఉన్నదున్నట్టు చదవమని చెప్పే గుర్తులు) చుట్టాలి. ఎక్స్‌పోర్ట్ చేసే దగ్గరే సరిచేయించండి, లేకపోతే ప్రతిసారీ ఇదే గోల.

ధర గడిలో ఉత్త అంకెలే ఉంచండి. మెటా విలువ డేటాబేస్‌లో అక్షరాలుగానే ఉంటుంది. ధరల వారీగా పేర్చేటప్పుడు 1,200ని డేటాబేస్ నడిపే మైఎస్‌క్యూఎల్ కామా దగ్గర ఆపి 1గా చదువుతుంది, రూ.1200ని సున్నా చేస్తుంది. పెద్ద కవర్ మొక్క అన్నిటికన్నా చవగ్గా కనబడుతుందన్నమాట.

యూనిక్ ఐడెంటిఫయర్‌గా (ఏ మొక్క ఏదో ఇంపోర్ట్ గుర్తుపట్టే గడి) ఐటమ్ కోడ్ ఇవ్వండి, పేరు వద్దు. గులాబీలు ఎన్ని రకాలో కడియం వాళ్లకి చెప్పాలా!

గట్టు_మీద:
తెలుగు పేర్లు అను ఫాంట్లలో కొట్టినవైతే ముందు యూనికోడ్‌లోకి మార్చండి. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 పెట్టినంత మాత్రాన అవి తెలుగవవు. డేటాబేస్ బ్యాకప్ తీసి, ముందు 5 మొక్కలతో చూడండి.

పులంక_వెబ్:
యాడాన్‌తో వరుసలు మూడూ వచ్చాయండి. కానీ మూడింట్లోనూ ధర సరిగ్గా రాలేదు.

గట్టు_మీద:
ధర గడిలో మొక్క ట్యాగ్ దగ్గర్నుంచి పూర్తి దారి ఇచ్చారు. ఫర్ ఈచ్‌లో ఇచ్చిన సైజు ట్యాగ్ లోపల్నుంచి మాత్రమే ఇవ్వండి.