మాగ్ ఫనాటిక్ గొడవ: పాత కార్డుకి పాత రూలా, ఇప్పటి రూలా?

మూడు_లాంతర్లు:
మాది విజయనగరం. శనివారం సాయంత్రాలు మా మేడ మీద మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడుకుంటాం. నేను, ఇద్దరు ఫ్రెండ్స్, పక్కింటి ఇంటర్ కుర్రాడు. ఇప్పుడు అమెరికా నుంచి సెలవుకొచ్చిన మా బాబాయి కూడా కలిశాడు. ఆయన చదువుకునే రోజుల్లో తెగ ఆడేవాడట, అప్పటి డెక్కులన్నీ డబ్బాలతో సహా పట్టుకొచ్చాడు.

గొడవ ఇదీ. కుర్రాడు గ్రిజ్లీ బేర్స్‌తో ఎటాక్ చేశాడు. మామూలు 2/2 (బలం 2, గట్టిదనం 2; ఒకే టర్న్‌లో 2 డ్యామేజ్ తగిలితే చస్తుంది), వేరే శక్తులేం లేవు. బాబాయి మాగ్ ఫనాటిక్‌తో బ్లాక్ చేశాడు. అది 1/1 గాబ్లిన్, దాన్ని శాక్ చేస్తే, అంటే మనమే బలిచ్చేస్తే, మనం చూపించిన దానికి 1 డ్యామేజ్ కొడుతుంది. స్టాక్ అంటే, వేసినవి జరిగేముందు ఒకదాని మీద ఒకటి ఆగే చోటు. బాబాయి ఏమన్నాడంటే, "డ్యామేజ్ స్టాక్ మీద పెట్టేశాను. ఇప్పుడు ఫనాటిక్‌ని శాక్ చేస్తున్నాను. పోట్లాటలో ఒకటి, శాక్‌తో ఒకటి, మొత్తం రెండు. నీ ఎలుగుబంటి పోయింది."

కుర్రాడు ఫోన్‌లో అరేనా (ఇదే ఆట యాప్) ఆడి నేర్చుకున్నవాడు. "అదెలా అంకుల్, రెండిట్లో ఏదో ఒకటే కదా" అన్నాడు. బాబాయి కార్డు ఎత్తి చూపించి, "ఇది అచ్చయిన నాడు రూలు ఇదే. కార్డు మారిందా? లేదు కదా" అంటాడు. ఆ రాత్రి భోజనాల దాకా తెగలేదు.

అసలు రూలేంటి? అది పక్కన పెడితే, మా ఇంట్లో ఏ రూలు పెట్టుకోవాలి? రెండూ చెప్పండి.

నాగావళి:
కుర్రాడిదే రైటు. అలాగని మీ బాబాయిగారు లేనిది కల్పించలేదు. ఆ రూలు నిజంగానే పదేళ్లు నడిచింది. 1999లో ఆరో ఎడిషన్‌తో స్టాక్ వచ్చింది, దాంతోపాటే పోట్లాట డ్యామేజ్ కూడా స్టాక్ మీదకి ఎక్కింది. 2009 జులైలో మ్యాజిక్ 2010 సెట్‌తో దాన్ని తీసేశారు.

ఇప్పుడు జరిగేది చెప్తాను. బ్లాకర్లు ఎవరో తేలాక ఇద్దరికీ ప్రయారిటీ, అంటే ఏదైనా చేసే అవకాశం, వస్తుంది. శాక్ చేయాలంటే అదే సమయం. "ఇంకేం లేదు" అని ఇద్దరూ అనుకున్నాక డ్యామేజ్ స్టెప్ మొదలవుతుంది. అక్కడ దెబ్బలు రెండువైపులా ఒకేసారి పడిపోతాయి, మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టడానికి లేదు. వెంటనే ఆట తనంతట తాను లెక్క చూసుకుంటుంది, చావుదెబ్బ తిన్నవన్నీ గ్రేవ్‌యార్డ్‌కి పోతాయి. మళ్లీ మన చేతికి ప్రయారిటీ వచ్చేది ఆ తర్వాతే. అప్పటికి ఫనాటిక్ టేబుల్ మీదే లేదు. లేని దాన్ని శాక్ ఎలా చేస్తారు?

కాబట్టి నిలబడి ఒకటి కొట్టనివ్వాలి, లేదా ముందే శాక్ చేసి ఒకటి కొట్టాలి. ఎలా చేసినా ఎలుగుబంటికి తగిలేది ఒక్కటే, అది బతుకుతుంది.

పలాస_జీడి:
ఏటి బావూ, నాకొక డౌటు. ఫనాటిక్‌ని ముందే శాక్ చేసీసినాడు అనుకో. ఎదురుగా బ్లాకరే నేదు కదా. అలగైతే ఎలుగు తిన్నగా బాబాయి మీద పడిపోదేటి?

నాగావళి:
పడదు. ఒకసారి బ్లాక్ అయిన క్రీచర్ ఆ పోట్లాట అయ్యేదాకా బ్లాక్ అయినట్టే లెక్క. బ్లాక్ చేసినవాడు చచ్చినా, చేతికి వెళ్లిపోయినా అంతే. ట్రాంపుల్ (బ్లాకర్‌ని చంపగా మిగిలిన దెబ్బ మనిషికి తగిలే శక్తి) ఉంటే మాత్రం వేరు, ఎదురుగా ఎవరూ మిగలకపోతే మొత్తం దెబ్బ మనిషికే. ఈ ఎలుగుకి ట్రాంపుల్ లేదు.

నిజానికి ఇప్పటి రూల్లో ఫనాటిక్ బాగా పనికొచ్చేది ఇలాగే. బ్లాక్ చేసి, ఎలుగుని ఆపి, శాక్ చేసి ఆ ఒక్క డ్యామేజ్‌ని వేరేచోట 1/1 మీద వేసుకోవచ్చు. ఒక మానా (కార్డులు వేయడానికి పెట్టే ఖర్చు) కార్డుకి ఇంకేం కావాలి?

పాత_డెక్కు:
నేనే ఆ బాబాయిని. మా అబ్బాయి పెట్టిన లింకు చూసి వచ్చాను.

నేను డబ్బులిచ్చి కొన్నప్పుడు ఆ పెట్టెలో రూల్ పుస్తకం ఉంది. నేను దానికి కట్టుబడి ఆడాను. తర్వాత కంపెనీవాళ్లు ఎక్కడో కూర్చుని మార్చుకున్నారు. నన్ను అడిగారా?

ఇంకో మాట. డ్యామేజ్ స్టాక్ మీద ఉన్నప్పుడు ఆటలో బుర్ర ఉండేది. మార్ఫ్లింగ్ సంగతి ఈ పిల్లలకి తెలుసా? 3/3. ఒక మానా పెడితే బలం ఒకటి పెరిగి ఒంటి గట్టిదనం ఒకటి తగ్గుతుంది, ఇంకో మానాకి తిరగేసి. దాన్ని 5/1 చేసి ఐదు డ్యామేజ్ స్టాక్ మీద పెట్టేవాళ్లం. అది కిందికి దిగేలోపు మానా ఉన్నమేర మళ్లీ గట్టిపరచుకునేవాళ్లం. కొట్టేటప్పుడు ఐదు, తినేటప్పుడు రాయి. మానా లెక్క ఒక్కటి తప్పితే నీ మార్ఫ్లింగే పోతుంది. ఆ కిక్కు ఇప్పుడేదీ?

పోనీ మార్చినవాళ్లైనా ఒక మాట మీద నిలబడ్డారా? 2009లోనే ఇంకోటి పెట్టారు. ఒక ఎటాకర్‌ని ముగ్గురు బ్లాక్ చేస్తే వాళ్లకి వరుస కట్టాలి, మొదటివాడికి చావుదెబ్బ వేశాకే రెండోవాడి దగ్గరికి వెళ్లాలి అన్నారు. 2024 నవంబరులో ఫౌండేషన్స్ సెట్‌తో అదీ ఎత్తేశారు, ఎలా కావాలంటే అలా పంచుకోమన్నారు. పదిహేనేళ్లు వరుస కట్టినవాళ్లంతా ఏమైపోవాలి? వీళ్ల వెనకాల నేను పరిగెత్తాలా?

బొబ్బిలి_వీణ:
బాబాయిగారూ, మార్ఫ్లింగ్ మాట ఒప్పుకుంటాను, అది అందమైన ఆటే. కానీ "అచ్చయిన నాటి రూలు" అన్న మీ వాదన మీ కార్డు దగ్గరే కూలిపోతోంది.

మాగ్ ఫనాటిక్ మొదట వచ్చింది 1997లో, టెంపెస్ట్ సెట్‌లో. అప్పటికి స్టాకే లేదు. స్టాక్ వచ్చింది 1999లో. అంటే ఆ కార్డు పుట్టిననాటి రూలు పట్టుకుంటే, స్టాక్ మీద డ్యామేజ్ పెట్టి చేసే మీ ట్రిక్కు పుట్టనే లేదు. మీరు అడుగుతున్నది కార్డు పుట్టిననాటి రూలు కాదు, మీరు కాలేజీలో ఉన్ననాటి రూలు.

పాత_డెక్కు:
ఇప్పుడే డబ్బా తీసి చూశానమ్మా. నాది టెంపెస్ట్ కాదు, పదో ఎడిషన్. 2007. ఆ ఏడాది డ్యామేజ్ స్టాక్ మీదే ఉంది. నా ముక్కకి నా రూలే వర్తిస్తుంది.

పలాస_జీడి:
హహ్హహ్హ! బాబాయి గట్టోడే!

బొబ్బిలి_వీణ:
సరే, మరి ఇది చెప్పండి. డెక్కులో ఒకే పేరు కార్డులు నాలుగు పెట్టుకోవచ్చు. మీరు రెండు టెంపెస్ట్‌వి, రెండు పదో ఎడిషన్‌వి పెట్టారనుకోండి. పేరు ఒకటే, ఖరీదు ఒకటే, మాట ఒకటే. టేబుల్ మీద ఎడమవైపు ఫనాటిక్ ఈ ట్రిక్కు చేయగలడు, కుడివైపువాడు చేయలేడు. ఎదుటివాడు బ్లాక్ చేసేముందు "అంకుల్, ఒకసారి ఆ కార్డు కింద సెట్ గుర్తు చూపించండి" అని అడగాలి. శనివారం సాయంత్రం కాస్తా పురావస్తు శాఖ తనిఖీ అయిపోతుంది.

ఇంకా ఉంది. అక్షరాల ప్రకారమే పోదామంటే, మీ కార్డు మీద "క్రీచర్ లేదా ప్లేయర్" అని ఉంటుంది. అంటే ప్లేన్స్‌వాకర్‌ని (అది క్రీచరూ కాదు, ప్లేయరూ కాదు, వేరే రకం కార్డు) మీ ఫనాటిక్ గురి పెట్టలేదు. 2018లో అలాంటి కార్డులన్నిటి మాటా మార్చి "ఏ టార్గెట్ అయినా" అన్నారు, కాబట్టి ఇప్పుడు గురి పెట్టొచ్చు. కొత్త రూలు మీకు మేలు చేసేచోట కూడా వద్దంటారా? కార్డు ఏ సంవత్సరం ముద్రించినా దాని అసలు మాట కంపెనీవాళ్ల గ్యాదరర్ సైట్‌లో ఉన్నదే, చేతిలో ఉన్న అట్టముక్క మీద ఉన్నది కాదు. ఇది నా అభిప్రాయం కాదు, ఆట అలా కట్టబడి ఉంది.

సిరిమాను:
మీరంతా రూలు దగ్గరే ఉండిపోయారు. ఆయన రెండో ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. ఇంట్లో ఏ రూలు పెట్టుకోవాలి?

మా వీధిలో క్రికెట్ ఆడితే బంతి ఎదురింటి గోడ దాటితే ఔట్. లార్డ్స్‌లో అది సిక్సర్. మేమెప్పుడూ ఎవరి పర్మిషనూ అడగలేదు. మేడ మీద ఆడేవాళ్లకి టోర్నమెంట్ జడ్జి ఎందుకు? నలుగురికీ ఇష్టమైతే స్టాక్ మీద డ్యామేజ్ పెట్టుకోండి, తప్పేముంది?

బాబాయి చేసిన పనిలో నాకు నచ్చనిది ఒక్కటే. గోడ రూలు బ్యాటింగ్‌కి ముందు చెప్పాలి, బంతి గోడ దాటాక కాదు. కుర్రాడు ఎలుగుబంటితో ఎటాక్ చేసింది ఇప్పటి రూలు అనుకుని. పాత రూలని ముందే చెప్పుంటే ఒక్క మానా గాబ్లిన్ ఎదురుగా ఉండగా ఎటాక్ చేసేవాడే కాదు.

నాగావళి:
సిరిమాను గారూ, ముందే చెప్పాలన్న దానితో నూటికి నూరు పాళ్లూ ఏకీభవిస్తాను. కానీ "నలుగురికీ ఇష్టమైతే చాలు" అనేది అంత సులువు కాదు. గోడ రూలు ఇద్దరు బ్యాట్స్‌మన్‌లకీ ఒకేలా తగులుతుంది. ఇది అలా కాదు. శాక్ చేసే కార్డులున్న డెక్కుకి ఇది ఊరికే వచ్చిన లాభం, లేని డెక్కుకి వచ్చిన నష్టం. క్రీచర్‌ని చేతిలోకి వెనక్కి పంపే అన్‌సమ్మన్ లాంటివి కూడా అంతే. దెబ్బ వేసేసి, తనకి దెబ్బ తగిలేలోపు ఇంటికెళ్లిపోతాడు.

2009 తర్వాత వచ్చిన కార్డులు ఇప్పటి రూలుని బట్టి తూకం వేసి చేసినవి. వాటికి ఈ రెండో దెబ్బ కలిపితే ఒక మానా కార్డు రెండు మానా పని చేస్తుంది. కుర్రాడి డెక్కు కొత్తది, బాబాయిది పాతది. కలిపి ఆడుతూ బాబాయి రూలు పెడితే అది ఇంటి రూలు కాదు, ఇంటి పెద్ద రూలు.

ఎలుగుబంటి_ఓనర్:
ఆ కుర్రాణ్ణి నేనే. అంకుల్ ఏమీ అనుకోకండి. అరేనాలో అయితే ఆటే ఒప్పుకోదు, బ్లాక్ దగ్గర ఆగి అడుగుతుంది, అది దాటితే ఇక అంతే. అందుకే నాకు అలా ఎటాక్ చేయడం తప్పనిపించలేదు.

అదే రోజు ఇంకోటి కూడా జరిగింది. అంకుల్ ప్రాడిగల్ సోర్సరర్‌ని ట్యాప్ చేసి (పక్కకి తిప్పి, దాని శక్తి వాడి) నాకు 1 డ్యామేజ్ అన్నారు. నేను వెంటనే లైట్నింగ్ బోల్ట్ వేసి దాన్ని చంపేశాను. చచ్చినవాడు ఎలా కొడతాడు? అయినా నా లైఫ్ ఒకటి తీయించారు. ఇది కూడా పాత రూలేనా?

బొబ్బిలి_వీణ:
కాదు తమ్ముడూ, ఇక్కడ అంకుల్‌దే రైటు, ఇప్పటి రూలు ప్రకారం కూడా. ఆయన ట్యాప్ చేసిన క్షణంలోనే ఆ శక్తి స్టాక్ మీదకి వెళ్లిపోయింది. అక్కడికి వెళ్లాక దానికి సోర్సరర్‌తో పని లేదు. నువ్వు వేసిన బోల్ట్ దాని పైన కూర్చుంది కాబట్టి ముందు అదే జరిగింది, సోర్సరర్ చచ్చాడు. తర్వాత కిందున్నది జరిగింది, నీకు ఒకటి తగిలింది. దాన్ని ఆపాలంటే ఆ శక్తినే ఆపే కార్డు కావాలి, మనిషిని చంపితే చాలదు. బోల్ట్ వేయాలనుకుంటే ఆయన ట్యాప్ చేసేదాకా ఆగొద్దు. నీ టర్న్‌లోనే వేసినా ఆయన బదులుగా ట్యాప్ చేసేస్తాడనుకో, కానీ సోర్సరర్ అప్పుడే దిగి, అతనికి ఇంకా సమనింగ్ సిక్‌నెస్ (కొత్తగా దిగిన క్రీచర్‌ని ట్యాప్ చేయనివ్వని రూలు) ఉన్నప్పుడు వేస్తే ఆయన ట్యాప్ చేయలేడు. అదీ మంచి సమయం.

పలాస_జీడి:
ఓర్నాయనో. మొన్న జాతరలో మా గుంటడికి బంగారు రంగు పోకిమాన్ కార్డుల పేకెట్టు కొన్నాను. ఆడు ఏ కార్డు మీద ఎక్కువ నంబరుంటే అదే గెలిచినట్టు అంటన్నాడు. ఆ ఆటే నయంలాగుంది.

పాత_డెక్కు:
సోర్సరర్ సంగతి తేల్చినందుకు థాంక్సమ్మా. ఆ ఒక్క లైఫ్ కోసం వాడు రెండు రోజులు నన్ను దొంగలా చూశాడు.

సరే, ఒక మాట. పిల్లల కొత్త డెక్కులతో ఆడేటప్పుడు ఇప్పటి రూలే. వాడు రేపు విశాఖ వెళ్లి ఎక్కడైనా ఆడితే నా వల్ల తల దించుకోకూడదు. కానీ నా డబ్బాల్లో డెక్కులు చాలానే ఉన్నాయి. నెలకోసారి ఇద్దరం నా డెక్కులతోనే ఆడదాం, 2009కి ముందు రూలు, మొత్తం.

బొబ్బిలి_వీణ:
మొత్తం అంటే మొత్తమేనా? మానా బర్న్ కూడా? అది కూడా 2009లోనే పోయింది. తీసిన మానా వాడకుండా ఫేజ్ అయిపోతే, ఒక్కో మానాకి ఒక్కో లైఫ్ పోయేది. ఇప్పుడైతే ఊరికే ఆవిరైపోతుంది. పాత కార్డులతోనే ఆడుకునే గుంపుల్లో కొందరు మానా బర్న్‌ని ఇప్పటికీ అట్టేపెట్టుకున్నారు. కానీ ప్రీమోడర్న్ వాళ్లు, అంటే 1995 నుంచి 2003 దాకా వచ్చిన సెట్లతో ఆడేవాళ్లు, కార్డులు పాతవైనా ఆడేది ఇప్పటి రూల్స్‌తోనే. పాత కార్డు మీద ప్రేమకి పాత రూలు తప్పనిసరి కాదని చెప్తున్నానంతే.

పాత_డెక్కు:
మానా బర్న్ కూడా. సగం పాతది, సగం కొత్తది నాకొద్దు.

సిరిమాను:
అయితే ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి: స్టాక్ మీద డ్యామేజ్ ఉంది, మానా బర్న్ ఉంది, బ్లాకర్లకి వరుస లేదు. ఆ వరుస కూడా 2009లో వచ్చిందే కాబట్టి మీ రోజుల్లో అది లేదు. ఆటకి ముందు కుర్రాడి చేత చదివించండి.

ఎలుగుబంటి_ఓనర్:
నాకు ఓకే అంకుల్. పాత డెక్కు రోజున ఫనాటిక్‌లున్న డెక్కు మాత్రం నాకివ్వాలి.

మూడు_లాంతర్లు:
అందరికీ థాంక్స్. మరి ఆ శనివారం ఆట ఎవరు గెలిచినట్టు?

నాగావళి:
ఎలుగుబంటి బతికున్నట్టు లెక్క. దాని మీద ఒక డ్యామేజ్ ఉంది, అది టర్న్ చివర పోతుంది. అక్కడి నుంచి మళ్లీ ఆడండి.

పాత_డెక్కు:
మళ్లీ ఆడటానికి నేను రెడీ. కానీ సోర్సరర్ తీసిన ఆ ఒక్క లైఫ్ వెనక్కివ్వను.