రైట్ సోదరుల మీద చిన్న వ్యాసం, పిల్లల ప్రాజెక్టుకి సరిపోతుందా?

గాలిపటం:
ఆరో తరగతి చదివే మా పాపకి విమానం కనిపెట్టినవాళ్ల మీద ప్రాజెక్టు ఇచ్చారు. ఆన్‌లైన్‌లో రెండు పేజీల వ్యాసం దొరికింది, చదవడానికి హాయిగా ఉంది. సైకిల్ షాపు నడుపుకునే ఇద్దరు అన్నదమ్ములు విల్బర్, ఆర్విల్, పెద్దగా చదువు లేదు, చిన్నప్పుడు నాన్న తెచ్చిన ఎగిరే బొమ్మ చూసి కలగన్నారు, 1903 డిసెంబర్ 17న 12 సెకన్లు ఎగిరి "ఆకాశంలో ఎగిరిన మొట్టమొదటి మనుషులు" అయ్యారు, అంతే. తేదీలు సరిచూశాను, బాగానే ఉన్నాయి. కానీ పాప చదివి "మరి మిగతావాళ్లకి ఎందుకు కుదరలేదు?" అని అడిగింది. వ్యాసంలో దానికి జవాబు లేదు, నా దగ్గరా లేదు.

సుద్దముక్క:
ముందు ఆ "మొట్టమొదటి మనుషులు" కొట్టేయించండి. 1783లోనే పారిస్‌లో మనుషులు బెలూన్‌లో ఎగిరారు. జర్మనీలో ఒట్టో లిలియెంథాల్ గ్లైడర్ (ఇంజన్ లేకుండా గాలిలో తేలే రెక్కలు) కట్టుకుని దాదాపు 2000 సార్లు ఎగిరి, 1896లో పడిపోయి ప్రాణం పోగొట్టుకున్నాడు, ఆ వార్తే విల్బర్‌కి పాత ఆసక్తిని మళ్లీ రేపింది. రైట్ సోదరులు సాధించింది వేరు: గాలికంటే బరువైన యంత్రం, ఇంజన్ బలంతో, నడిపేవాడి అదుపులో ఎగరడం. నేనూ ఒకసారి ఇలాంటి వ్యాసమే నమ్మి క్లాసులో చార్టు రాయించాను. ఏడాదంతా గోడమీదే ఉంది, చివరికి ఒక పిల్లాడు బెలూన్ల సంగతి అడిగితే గానీ నాకు తట్టలేదు. ఆ బాధ ఇంకా పోలేదు.

రెక్కగాలి:
నేను ఏరోనాటిక్స్ చదువుతున్నాను. పాప ప్రశ్నకి జవాబు 1901లో ఉంది, అదే సంవత్సరాన్ని ఇలాంటి వ్యాసాలు దాటేస్తాయి. ఆ ఏడాది వాళ్ల గ్లైడర్‌కి లెక్కల ప్రకారం రావాల్సిన లిఫ్ట్‌లో, అంటే రెక్కల్ని పైకి లేపే బలంలో, మూడో వంతే వచ్చింది. ఆ లెక్కలకి అందరూ నమ్మే పాత పట్టికల మీద అనుమానం వచ్చి, తమ ఊరు డేటన్‌లో సొంతంగా ఆరడుగుల విండ్ టన్నెల్ (లోపల గాలి వీచేలా చేసి రెక్కల్ని పరీక్షించే పెట్టె) చేసుకుని, 200 దాకా చిన్న రెక్కల నమూనాలు పరీక్షించి తమ అంకెలు తామే తయారుచేసుకున్నారు. మా ల్యాబ్‌లో ఒక్క రీడింగ్ నిలకడగా రావడానికే నాకు మధ్యాహ్నమంతా పట్టింది, అందుకే ఆ 200 అనే అంకె చూస్తే దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఇంకోటి అదుపు. సైకిల్ దానంతటది నిలబడదు, ఎక్కినవాడే నిలబెట్టుకోవాలి. విమానాన్నీ వాళ్లు అలాగే చూశారు. 1899లో విల్బర్ సైకిల్ ట్యూబ్ వచ్చే అట్టపెట్టెని చేతిలో మెలితిప్పుతుంటే, రెక్కల చివరలు కూడా ఇలాగే తిప్పి వాలు సరిచేయొచ్చని తోచింది. డబ్బుంటే సరిపోలేదు: అమెరికాలో స్మిత్సోనియన్ అనే విజ్ఞాన సంస్థ అధిపతి లాంగ్లీకి ఎగిరే యంత్రం చేయడానికి ప్రభుత్వం 50,000 డాలర్లు ఇచ్చింది, ఆయన యంత్రం వీళ్లకి తొమ్మిది రోజుల ముందే పొటోమాక్ నదిలో కూలింది.

పాతపుటలు:
అన్నీ రెండు పేజీల్లో పట్టవు కదండీ, ఏది వదిలారన్నది చూడాలి. ఇంజన్ చేసిన మెకానిక్ చార్లీ టేలర్ పేరుందా? ఆరు వారాల్లో, 12 హార్స్‌పవర్‌ది. చెల్లెలు కేథరిన్ సంగతి? ఆమె డిగ్రీ చదివి లాటిన్ చెప్పేది, 1908లో ఫోర్ట్ మయర్ అనే సైనిక స్థావరంలో జరిగిన విమాన ప్రమాదంలో, వెంట ఎక్కిన సైనికాధికారి సెల్ఫ్రిడ్జ్ చనిపోయి ఆర్విల్ తీవ్రంగా గాయపడితే ఉద్యోగానికి సెలవు పెట్టి వెళ్లి సేవచేసింది. "చదువు లేదు" అనడం కూడా అన్యాయం. హైస్కూల్ సర్టిఫికెట్ మాత్రమే లేదు, ఇంటినిండా పుస్తకాలు, పనిముట్లు పట్టడం తెలిసిన అమ్మ. ఇక 12 సెకన్ల దగ్గరే ఆపేస్తే ఎలా, అదే రోజు నాలుగోసారి విల్బర్ 59 సెకన్లు, 852 అడుగులు వెళ్లాడు. 1905కి 39 నిమిషాలు!

సుద్దముక్క:
1906లో పారిస్‌లో జనం ముందు ఎగిరిన సాంటోస్ డ్యుమాంట్ పేరు కూడా ఒక వాక్యంలో రాయించండి, బ్రెజిల్‌లో విమాన పితామహుడు ఆయనే.

గాలిపటం:
అందరికీ చాలా థాంక్స్. వ్యాసంలో తేదీలు మాత్రం ఉంచుకుని, 1901 గురించి ఒక పేజీ, కేథరిన్‌కీ చార్లీ టేలర్‌కీ కలిపి ఒక పేజీ పాపే రాస్తోంది. రాత్రి పొడుగాటి అట్టపెట్టె ఒకటి రెండు చివర్లూ తెరిచి మెలితిప్పి చూపించాను. ఒక అంచు పైకి, ఇంకోటి కిందికి వెళ్లడం చూసి నా చేతిలోంచి లాక్కుంది, పొద్దున లేచేసరికి దానికి రెండు వైపులా దారాలు కట్టి ఉన్నాయి.