డ్యాష్‌బోర్డ్ అంతా పచ్చగా ఉంది, పిల్లలేమో నెట్ లేదంటున్నారు. కొలవాల్సింది ఎక్కడ?

హాస్టల్ నెట్‌వర్క్:
ఒక ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్‌లో నెట్‌వర్క్ చూస్తుంటాను. నాలుగు అంతస్తులు, వైఫై సిగ్నల్ ఇచ్చే 22 యాక్సెస్ పాయింట్లు. (ఇక నుంచి ఏపీ అంటాను. రాష్ట్రం గొడవ కాదు, కంగారు పడకండి.) ఏపీ బతికుందా అని అడిగే పింగ్ ఆగకుండా నడుస్తుంటుంది, 5 నిమిషాలకోసారి దాని లెక్కలు తెచ్చుకునే ఎస్‌ఎన్‌ఎంపీ పోలింగ్. నెల రిపోర్టులో ఒక్క ఏపీ కూడా డౌన్ అవలేదు. అయినా రాత్రి తొమ్మిదిన్నర దాటిందంటే మూడో అంతస్తు నుంచి ఒకటే ఫోన్లు. మేనేజ్‌మెంట్ రెంటిలో ఒకదానికే డబ్బు ఇస్తుందట: ఇంకో 6 ఏపీలు కొనాలా, లేక గదుల్లో మామూలు యూజర్‌లా కనెక్ట్ అయి కొలిచే సెన్సర్లు పెట్టాలా? నా ఓటు సెన్సర్లకే. ఏపీ తన గురించి తాను చెప్పుకునే లెక్కల మీద నాకు నమ్మకం పోయింది.

పింగ్ రాయుడు:
ఏపీ అబద్ధం చెప్పడం లేదండీ, మీరు అడిగిందానికే జవాబిస్తోంది. పింగ్ వెళ్ళేది వైరు వైపు నుంచి. కేబుల్ బాగుండి, పీఓఈ (అదే కేబుల్‌లో వచ్చే కరెంటు) అందుతుంటే రేడియో హ్యాంగ్ అయినా పింగ్ వస్తూనే ఉంటుంది. ఇక 5 నిమిషాల సగటులో 20 సెకన్ల ఇబ్బంది ఎక్కడ కనిపిస్తుంది? ఛానెల్ యుటిలైజేషన్ (గాలి ఎంతసేపు బిజీగా ఉంది), రీట్రైల శాతం (ఎన్నిసార్లు మళ్ళీ పంపాల్సి వచ్చింది), ఏ ఫోన్ ఏ రేటులో మాట్లాడుతోంది, దాని ఎస్‌ఎన్‌ఆర్ (రొద కంటే సిగ్నల్ ఎంత ఎక్కువ) ఎంత, ఇవన్నీ ఆ ఏపీలోనే ఉంటాయి. నిమిషానికోసారి తీసుకుని జబిక్స్‌లోనో లిబ్రెఎన్‌ఎంఎస్‌లోనో (నెట్‌వర్క్‌ని గమనించే సాఫ్ట్‌వేర్లు) గ్రాఫ్ పెట్టండి. రెండూ ఉచితమే. సెన్సర్ల డబ్బు మిగులుతుంది.

మెట్ల మీద మనిషి:
రాయుడు గారి మాట సగం ఒప్పుకుంటాను. కనెక్ట్ అయినవాడి లెక్క ఏపీ దగ్గర ఉంటుంది, సరే. అసలు కనెక్టే కానివాడు ఏ గ్రాఫ్‌లో ఉంటాడు?

మా ఆఫీసులో ఒకసారి ఇదే జరిగింది. సిగ్నల్ మైనస్ 58 డీబీఎం, అంటే గట్టిదే, రీట్రైలు తక్కువ, అంతా బంగారం. ఫోన్ మాత్రం ఐపీ అడ్రస్ కోసం తిరుగుతూనే ఉంది. తీరా చూస్తే ఐపీలు పంచే డీహెచ్‌సీపీ పూల్‌లో ఉన్నవి 250 చిల్లర అడ్రస్‌లు, ఒక్కోటి ఒక ఫోన్ పేరు మీద ఉండే లీజు గడువు 8 రోజులు. ఎప్పుడో వచ్చి వెళ్ళిపోయిన విజిటర్ల ఫోన్ల పేరు మీద సగం బుక్ అయిపోయి ఉన్నాయి. లీజు 2 గంటలు చేశాం, గొడవ వదిలింది. ఇది బయటపడింది ఫోన్ చేత్తో పట్టుకుని పై అంతస్తు ఎక్కితేనే.

పింగ్ రాయుడు:
అది ఏపీ లోపం కాదు కదా, మీరు డీహెచ్‌సీపీ సర్వర్‌ని మానిటర్ చేయకపోవడం. దానికీ గ్రాఫ్ పెట్టొచ్చు. మెట్లెక్కడం ఒంటికి మంచిదే కానీ రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి ఎవరు ఎక్కుతారు చెప్పండి?

ఫైనల్ ఇయర్:
అన్నా, అలాంటి హాస్టల్ మూడో అంతస్తులోనే ఉంటాను, కాబట్టి చెబుతున్నా. సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి. గేమ్‌లో పింగ్ (జవాబు రావడానికి పట్టే మిల్లీసెకన్లు) 40 నుంచి ఒక్కసారిగా 900కి వెళ్తుంది. స్పీడ్ టెస్ట్ ఇప్పుడు పెడితే 30, వెంటనే ఇంకోసారి పెడితే 2. అలాగని మా ఫోన్లలో కొలిచే యాప్ వేసుకోమని మాత్రం అడక్కండి. ఆండ్రాయిడ్‌లో వైఫై స్కాన్‌కి లొకేషన్ పర్మిషన్ ఇవ్వాలి. ఎవడు ఎన్నింటికి ఎక్కడున్నాడో వార్డెన్ గారి టేబుల్ మీదకి వెళ్తుంది.

మెట్ల మీద మనిషి:
తమ్ముడూ, నువ్వు చెప్పింది గాలి నిండిపోయినప్పుడు కనిపించే లక్షణం. వైఫై అంటే వీధి కుళాయి. ఒక ఛానెల్ మీద ఒకసారికి ఒక్క బిందే. సన్నమూతి బిందె వాడొచ్చాడంటే వెనక ఉన్నవాళ్ళంతా ఆగాలి. కుళాయి దగ్గరే నిలబడ్డా, వరస పెద్దదైతే నీళ్ళు ఆలస్యమే. గీతలు చెప్పేది కుళాయికి ఎంత దగ్గరున్నావో, అంతే.

హాస్టల్ గారూ, ఎస్‌ఎస్‌ఐడీలు, అంటే వైఫై పేర్లు, ఎన్ని పెట్టారు? 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానెళ్ళు ఏవి?

హాస్టల్ నెట్‌వర్క్:
నాలుగు: స్టూడెంట్, స్టాఫ్, గెస్ట్, ఎగ్జామ్. ఛానెల్ ఆటోలో ఉంది. ఇప్పుడు చూస్తే మూడో అంతస్తులో చాలావరకు 6 మీదే ఉన్నాయి.

పింగ్ రాయుడు:
దొరికింది. లెక్క వేయండి. ఒక్కో ఎస్‌ఎస్‌ఐడీకి సెకనుకి దాదాపు 10 బీకన్లు, అంటే ‘నేనిక్కడున్నాను’ అని ఏపీ వేసే కేకలు. పాత 1 ఎంబీపీఎస్ రేటు తెరిచి ఉంటే, 300 బైట్ల బీకన్ ఒకటి సుమారు 2.6 మిల్లీసెకన్లు గాలిని పట్టుకుంటుంది. అంటే ఒక్క పేరుకే సమయంలో 2.5 శాతం. నాలుగు పేర్లకి 10. ఒకే ఛానెల్‌లో ఒకదానికొకటి వినపడే ఏపీలు 5 ఉన్నాయనుకుంటే 50 శాతం. ఒక్క పిల్లాడూ ఫోన్ తీయకముందే సగం గాలి ఖర్చు! మీరేమో ఇంకో 6 ఏపీలు కొంటామంటున్నారు. ఇది పట్టుకోవడానికి సెన్సర్ అక్కర్లేదు, యుటిలైజేషన్ అంకె తెల్లవారుజామున ఒకసారి చూడండి.

హాస్టల్ నెట్‌వర్క్:
నాలుగు రోజుల తర్వాత వస్తున్నాను. తెల్లవారుజామున 3 గంటలకి, ఆ ఏపీ మీద ఇద్దరే ఉండగా, యుటిలైజేషన్ 46 శాతం. రాయుడు గారికి దండం. ఎస్‌ఎస్‌ఐడీలు రెండుకి తగ్గించాను. 12 ఎంబీపీఎస్ కంటే తక్కువ రేట్లన్నీ ఆపేశాను. ఛానెళ్ళు 1, 6, 11కి కట్టేశాను. కొన్ని ఏపీల్లో 2.4 రేడియోనే తీసేసి 5 గిగాహెర్ట్జ్ మీద వదిలాను. ఇప్పుడు రాత్రి పదింటికి కూడా 31 దాటడం లేదు. మూడో అంతస్తు నుంచి ఫోన్లు ఆగిపోయాయి.

కానీ మర్నాడు పొద్దున్నే మెస్ నుంచి ఫోన్. టిఫిన్ దగ్గర వేలిముద్ర తీసుకునే మెషీన్ పని చేయడం లేదట, పిల్లలు మెట్ల దాకా వరసలో నిలబడ్డారు. వెళ్ళి చూస్తే అది ఎప్పటిదో, పాత తక్కువ రేట్లు తప్ప దానికి ఇంకేమీ రావు. డ్యాష్‌బోర్డ్ తెరిచాను. మెస్‌లోని ఏపీ పచ్చగా ఉంది, రీట్రైలు ముందు కంటే తగ్గాయి, గ్రాఫ్ అద్దంలా ఉంది. మెషీన్ పేరు ఎక్కడా లేదు. అందుకే ఆ ఒక్క చోటికైనా సెన్సర్ అడుగుదామనుకుంటున్నాను.

మెట్ల మీద మనిషి:
నేను మొదట అడిగిందీ అదే కదండీ.

పింగ్ రాయుడు:
సెన్సర్ ఎందుకండీ, ఆ మెషీన్ వెనక కేబుల్ సాకెట్ ఉందేమో చూడండి.