సమస్యాపూరణం: తల్లి మారినంత తప్పు పోయె

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. పురాణాల జోలికి పోవద్దు. మన విశాఖ బృందంలో సగంమంది కోడ్ రాసేవాళ్లే కదా, తెర మీద మిగతావాటిని పట్టి ఉంచే పెట్టెను, అంటే కంటైనర్‌ను తల్లిగా, అందులో చేర్చే బటన్ లాంటి కంట్రోల్‌ను బిడ్డగా తీసుకోండి.

మధురవాడ మిత్రుడు:
పాత పెట్టెయందు బటనుండ వేరొక
గ్రిడ్డులోన జేర్ప గెంటివేసె
మొదటి తల్లి చేయి మును విడిపించితి
తల్లి మారినంత తప్పు పోయె

నిర్వాహకుడు: ధార బాగుంది. విండోస్ ప్రోగ్రాముల తెరలు కట్టే డబ్ల్యూపీఎఫ్‌లో జరిగేది ఇదే. ఇంకొకరి ఒడిలో ఉన్న ఎలిమెంట్‌ను చిల్డ్రన్.యాడ్ అంటే, ముందు అక్కణ్ణుంచి విడదీయమని ఎక్సెప్షన్, అంటే తప్పు జరిగిందన్న సందేశం, విసురుతుంది. అదే పనికి వాడే పాత పద్ధతి విన్‌ఫార్మ్స్‌లో మాత్రం ఈ పద్యం చెల్లదు. కంట్రోల్స్.యాడ్ అనగానే బటన్ పాత ప్యానెల్‌ను వదిలి చప్పుడు లేకుండా వచ్చేస్తుంది. అసలు తప్పే లేదు, ఇక పోయేదేముంది?

పెందుర్తి బాబాయ్:
ఒక్క బిడ్డె చాలు నోయను బోర్డరు
రెండు నిచ్చినంత రేగిపోయె
స్టాకుపానెలందు సర్దితి నిద్దరిన్
తల్లి మారినంత తప్పు పోయె

నిర్వాహకుడు: బాబాయ్ గారూ, మధ్యలో స్టాక్‌ప్యానెల్‌ను తల్లిగా పెట్టి బోర్డర్‌ను అమ్మమ్మను చేసేశారు! రెండుచోట్ల 'పోయె' పడింది, 'రేగి తిట్టె' అంటే సరి. ఇంకోమాట, రేగేది డబ్ల్యూపీఎఫ్ తెర రూపాన్ని రాసే భాష జామెల్‌లో రాసినప్పుడే. కోడ్‌లో బోర్డర్ చైల్డ్‌కు రెండోది ఇస్తే కిక్కురుమనదు, మొదటిదాన్ని దించేస్తుంది.

భీమిలి చెల్లి: డాల్ఫిన్స్ నోస్ కొండ ఫొటో మీద పేరు రాయబోతే నాకు జరిగింది.
బొమ్మమీది పేరు బూడిద రంగున
కడలి నీలమెల్ల గప్పివేసె
ఫారమమ్మ కాదు బొమ్మయే తల్లన
తల్లి మారినంత తప్పు పోయె

నిర్వాహకుడు: ఈ వారం నాకు నచ్చినది ఇదేనమ్మా. విన్‌ఫార్మ్స్‌లో పేరు రాసే లేబుల్‌కు ట్రాన్స్‌పరెంట్ (పారదర్శక) రంగు ఇచ్చినా అది కనబరిచేది తల్లి రంగునే. తల్లి ఫారం, అంటే మొత్తం కిటికీ, అయినన్నాళ్లూ వెనక ఫొటో ఉన్న పిక్చర్‌బాక్స్ ఉన్నా బూడిదే. కానీ మూడో పాదంలో యతి తప్పింది. హల్లు కలిసినా ఫా, బొ అచ్చులు కలవవు.

భీమిలి చెల్లి: అయ్యో! ఇలా మార్చనా?
ఫారమమ్మ కాదు పటమె యమ్మని చెప్ప
ఇంకో చిక్కు గురువుగారూ, పేరెంట్ మార్చాక లేబుల్ ఎటో జరిగిపోయింది.

నిర్వాహకుడు: యతి కుదిరింది. లొకేషన్ ఎప్పుడూ తల్లి ఎడమ పైమూలనుంచే లెక్క. ఫొటో 200, 120 దగ్గర, లేబుల్ 260, 150 దగ్గర ఉంటే ఇప్పుడు 60, 30 ఇవ్వాలి.

భీమిలి చెల్లి: ఇచ్చాను. పేరు వచ్చి కొండ నెత్తిన కూర్చుంది.