పైథాన్‌లో ఒక హ్యాష్, జావాలో ఇంకో హ్యాష్: ఒకే పేరుకి ఎందుకిలా?

బొబ్బిలి_డెవ్:
విజయనగరంలో ఒక ఫొటో స్టూడియోకి పని చేస్తున్నా. సిరిమానోత్సవం ఆర్డర్లు. పాత మాక్‌లో ఫొటో ఫైళ్లకి కస్టమర్ పేరే పెడతారు. ఆ ఫైల్ పేరు చదివి పైథాన్ ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో హ్యాష్ (పేరుకి వేలిముద్ర లాంటి కోడ్) తీస్తుంది, సర్వర్‌లో జావా డేటాబేస్ పేరు నుంచి తీస్తుంది. చాలా పేర్లకి రెండు హ్యాష్‌లూ కలుస్తున్నాయి. పైడిరాజు, పైడితల్లి మాత్రం కలవట్లేదు. మా జిల్లాలో ఆ పేర్లకి కొదవా! పండగ దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది.

టెక్కలి_జావా:
ముందు జావాలో అక్షరాల్ని బైట్లుగా మార్చే గెట్‌బైట్స్ దగ్గర యూటీఎఫ్-8 అని ఎన్‌కోడింగ్ (మార్చే పద్ధతి) పేరు స్పష్టంగా రాశారా? హ్యాష్‌కి అక్షరాలతో పని లేదు, బైట్లే కావాలి. ‘శ్రీకాకుళం’ యూటీఎఫ్-8లో 30 బైట్లు, యూటీఎఫ్-16లో 20. జావా 18 కంటే ముందు వెర్షన్లలో డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ మెషీన్‌ని బట్టి మారుతుంది. కొన్ని విండోస్ మెషీన్లలో తెలుగు అక్షరాలన్నీ ప్రశ్న గుర్తులైపోతాయి. అప్పుడు పొడవు సమానమైన రెండు వేర్వేరు పేర్లకి ఒకే హ్యాష్ వస్తుంది. కలవకపోవడం కన్నా అదే ప్రమాదం, ఎవరికీ తెలియదు కాబట్టి.

బొబ్బిలి_డెవ్:
రాశానన్నా. మిగతా పేర్లు కలుస్తున్నాయి కదా.

రాజాం_పైథాన్:
అయితే గోల ఐత్వానిది, తమ్ముడూ. యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకీ కోడ్ ఇచ్చే పట్టికలో) ‘పై’ని రెండు రకాలుగా రాయొచ్చు: ఐత్వం ఒకే కోడ్‌గా, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు అని రెండు కోడ్‌లుగా. తెలుగులో ఇలా విడిపోయే గుణింతపు గుర్తు ఇదొక్కటే. అందుకే మిగతా పేర్లు తప్పించుకున్నాయి. మాక్ పాత ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లని విడగొట్టి దాస్తుంది. స్క్రీన్ మీద తేడా కనబడదు. పైథాన్‌లో లెన్ (కోడ్‌ల లెక్క) కొట్టి చూడండి, ‘పైడిరాజు’కి 8 రావాలి. 9 వస్తే ఇదే. హ్యాష్‌కి ముందు రెండు వైపులా ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజ్ చేయండి, అంటే విడిపోయిన గుర్తుల్ని ఒకే కోడ్‌గా కలపండి. పైథాన్‌లో యూనికోడ్‌డేటా, జావాలో నార్మలైజర్ క్లాస్ ఉన్నాయి.

బొబ్బిలి_డెవ్:
9 వచ్చింది! నార్మలైజ్ చేశాక పైడిరాజులందరూ కలిశారు. చాలా థాంక్స్ అన్నా.

ఆమదాలవలస_వెబ్:
ఒక్క మాట. ‘రాజ్‌కుమార్’ లాంటి పేర్లలో పొల్లు తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ (తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఆపే గుర్తు) ఉంటుంది. కొన్ని కీబోర్డులు పెడతాయి, కొన్ని పెట్టవు. ఎన్‌ఎఫ్‌సీ దాన్ని తీసేయదు, మీరే తీయాలి.
జేసన్ (డేటాని టెక్స్ట్‌గా రాసే ఫార్మాట్) మొత్తానికి హ్యాష్ తీసేవాళ్లు ఇంకా జాగ్రత్త. పైథాన్‌లో జేసన్ రాసే డంప్స్ కామా తర్వాత ఖాళీ వదులుతుంది, తెలుగుని ఎస్కేప్ కోడ్‌లుగా మారుస్తుంది. జావాస్క్రిప్ట్‌లో అదే పని చేసే స్ట్రింగిఫై ఆ రెండూ చేయదు. టెర్మినల్‌లో ఎకో కమాండ్‌తో పోల్చేవాళ్లకి చివర కొత్త లైన్ కూడా కలిసిపోతుంది.

టెక్కలి_జావా:
డేటాబేస్‌లో ఇప్పటికే దాచిన హ్యాష్‌లు ఉన్నాయా? వాటిని సరిచేయడం కుదరదు. అసలు పేర్లు తీసుకుని, శుభ్రం చేసి, అన్నిటికీ మళ్లీ లెక్కేయాలి. పండగ ఆర్డర్లు మొదలవకముందే ఆ పని కానివ్వండి.