అప్‌డేట్: నాన్నగారి సీఎంఎల్ (ఒక రకం రక్త క్యాన్సర్), మందు మార్చిన తర్వాత

ఈ జబ్బుకు ఇమాటినిబ్ అనే మాత్ర వాడుతున్నా, జబ్బు ఎంతుందో చూపే బీసీఆర్-ఏబీఎల్ అంకె నాన్నగారికి ఎందుకు పెరుగుతోందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. మాత్రలు మానేస్తున్నారేమో చూడమన్నారు చాలామంది. ఆయన ఒక్కరోజు కూడా మానలేదు. మ్యుటేషన్ (జన్యు మార్పు) టెస్ట్ చేయించమన్న వారి మాటే నిజమైంది. టీ315ఐ అనే మార్పు ఉందని వచ్చింది.

ఈ జబ్బుకు మూలం 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై పుట్టే బీసీఆర్-ఏబీఎల్ ప్రొటీన్. టీ315ఐలో జరిగేది ఇదే: ఆ ప్రొటీన్‌లో ఇమాటినిబ్ వెళ్లి కూర్చునే చోట ఒక్క అమైనో ఆమ్లం (ప్రొటీన్‌ను కట్టే ఇటుక లాంటిది) మారితే మందుకు అక్కడ చోటుండదు. ఇదే కోవకు చెందిన డాసాటినిబ్, నిలోటినిబ్ మందులదీ అదే పరిస్థితి. అంటే మేం అడిగిన "డోసు పెంచాలా" అన్న ప్రశ్నకే అర్థం లేదు.

పొనాటినిబ్ అనే ఇంకో మందు పనిచేస్తుంది కానీ రక్తనాళాలు మూసుకుపోయే ప్రమాదం ఉంది. నాన్నగారికి ఇప్పటికే స్టెంట్ ఉంది. అందుకే డాక్టర్ గారు అసిమినిబ్ అనే మందు వైపు మొగ్గారు. ఇది ఆ పాత చోటును వదిలేసి, ప్రొటీన్‌లో మిరిస్టాయిల్ పాకెట్ అనే ఇంకో గుంటలో అతుక్కుంటుంది. అమెరికాలో 2021లో అనుమతి వచ్చింది. టీ315ఐకి డోసు ఎక్కువ, 200 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు. మాత్రకు ముందు రెండు గంటలు, తర్వాత గంట ఏమీ తినకూడదు. టిఫిన్ ఆలస్యమవుతోందని రోజూ ఇంట్లో గొడవే!

ఖర్చు మాత్రం గుండె గుభేల్మనేలా ఉంది. హైదరాబాద్ నాట్కో లాంటి కంపెనీల జెనరిక్ ఇమాటినిబ్‌కు అలవాటుపడ్డ వాళ్లం. కంపెనీ సహాయ పథకానికి దరఖాస్తు పెట్టాం, ఇంకా జవాబు రాలేదు. తాజా పీసీఆర్‌ (బీసీఆర్-ఏబీఎల్‌ను కొలిచే రక్త పరీక్ష)లో అంకె తగ్గింది, 0.1 శాతం కిందికి రావాలి. లైపేజ్ (క్లోమ గ్రంథి ఎంజైమ్), బీపీ కూడా చూస్తున్నారు.